షెడ్డులో పాత బ్రిటిష్ బండి దొరికింది, నార్టన్ అంటున్నారు. ఎలా గుర్తుపట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

సోలిహల్_సుధీర్:

అందరికీ నమస్తే. పాత బళ్ళ గురించి బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని రాస్తున్నాను, కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను ఉండేది సోలిహల్‌లో, బర్మింగ్‌హామ్‌ని ఆనుకునే ఉంటుంది. మా వీధి చివరింట్లో తొంభైకి దగ్గర పడిన పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. పోయిన వారం సామాన్లు సర్దడానికి సాయం వెళ్తే వెనక షెడ్డులో పాత తివాచీల కింద ఈ బండి కనబడింది. సోమవారం పాత ఇనుము వాళ్ళు వస్తారు, వాళ్ళకే ఇచ్చేస్తానన్నారు. నాకు ప్రాణం ఒప్పలేదు. నేను తీసుకుంటానండీ అన్నాను. డబ్బులు వద్దంటున్నా వినకుండా చేతిలో పెట్టి, ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి తోసుకుంటూ మా గ్యారేజీకి తెచ్చుకున్నాను. ముందు టైరు పూర్తిగా పగిలిపోయి ఉంది, అయినా చక్రాలు రెండూ తిరిగాయి.

ఆవిడ చెప్పిందేంటంటే, వాళ్ళాయన కుర్రతనంలో నేషనల్ సర్వీసు (అప్పట్లో కుర్రాళ్ళకి తప్పనిసరి సైనిక సేవ) కింద రెండేళ్ళు సైన్యంలో చేసి వచ్చాక, నాటింగ్‌హామ్ దగ్గర రడింగ్టన్‌లో సైన్యం పాత సామాను వేలం వేస్తుంటే అక్కడ కొన్నారట. నార్టన్ అనేవారట. ట్యాంకు మీద కూడా తెల్లరంగుతో నార్టన్ అనే రాసుంది, కానీ అది కంపెనీ వాళ్ళు వేసినట్టు లేదు, కుంచెతో చేత్తో రాసినట్టుంది.

బండి ఎలా ఉందో చెప్తాను. సింగిల్ సిలిండర్. ముందు ఫోర్కు మన బళ్ళలాగా గొట్టాలు కాదు, రెండు పక్కలా కడ్డీలు, మధ్యలో ఒకటే పెద్ద స్ప్రింగు. వెనక సస్పెన్షన్ అనేదే లేదు, చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉంది. సిలిండరు హెడ్డు చప్పగా పలకలా ఉంది, దాని మీద వాల్వులకి సంబంధించినదేమీ లేదు, ప్లగ్గు ఒక్కటే కనిపిస్తోంది. గేరు కుడికాలికి. కార్బురేటరు మీద అమల్ అని చదవగలిగాను. హెడ్‌లైటు లేదు, సైలెన్సరు సగం తినేసింది. కిక్కు అస్సలు కదలడం లేదు, ఇంజను పట్టేసిందనుకుంటా. మొత్తం మీద నల్లరంగు, దట్టంగా, కుంచె గీతలు కనబడుతున్నాయి.

నాకు దీని మీద ఇంత మనసు ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. తెనాలిలో మా నాన్నకి బుల్లెట్టు ఉండేది. ఆదివారం పొద్దున్నే వాకిట్లో గోనెసంచి పరిచి, చైను తీసి కిరసనాయిల్లో వేసి, నా చేత పానాలు అందించుకుంటూ ఒక్కో ముక్కా విప్పి తుడిచేవారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆయన పోయి ఆరేళ్ళయింది, బుల్లెట్టుని మేం ఉంచుకోలేకపోయాం. ఈ షెడ్డులోకి అడుగుపెట్టగానే అదే వాసన.

ఇప్పుడు నా ప్రశ్నలు. ఇది నిజంగా నార్టనేనా, ఏ సంవత్సరం బండో ఎలా తెలుస్తుంది? ఇంజను కదలాలంటే ఏం చెయ్యాలి, కిక్కు మీద గట్టిగా నిలబడి తొక్కితే వదులుతుందా? రంగు మొత్తం తీసేద్దామని శాండ్ బ్లాస్టింగ్‌కి (ఇసుక గట్టిగా చిమ్మి రంగు ఊడగొట్టడం) ఒక చోట మాట్లాడాను, శనివారం ఫ్రేము, ట్యాంకు, మడ్‌గార్డులు పట్టుకెళ్ళాలి. ఇంతకుముందు నేను చేసిందల్లా మా నాన్న పక్కన కూర్చుని చూడటమే.


లెస్టర్_వాసు:

సుధీర్ గారూ, ముందు ఆ శనివారం పని క్యాన్సిల్ చెయ్యండి. మిగతాది తర్వాత చదవండి, ముందు ఫోన్ చేసి రండి.

ఎందుకంటే నేను అదే పని చేశాను. పదేళ్ళ కిందట నాకూ ఇలాంటి సైన్యం బండే దొరికింది, ఉత్సాహం ఆపుకోలేక వారం తిరక్కుండా అన్నీ విప్పి బ్లాస్టింగ్‌కి ఇచ్చాను. తళతళలాడే ఇనుము వచ్చింది. ఆ తర్వాత ఒక పెద్దాయన చెబితే తెలిసింది, ట్యాంకు పక్కన నల్లరంగు కింద సైన్యం వాళ్ళు వేసిన సి నంబరు ఉండేదని. సి అక్షరం, తర్వాత ఏడు అంకెలు. దాన్ని బట్టి ఏ కాంట్రాక్టు కింద సైన్యానికి వెళ్ళిన బండో పట్టుకోవచ్చు. నా బండికి ఆ నంబరు ఏమిటో ఇక ఎవరికీ తెలియదు. ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

ఇక గుర్తుపట్టడం సంగతి. మీరు చెప్పిన దాంట్లోనే సగం జవాబు ఉంది. హెడ్డు మీద వాల్వులేవీ లేవన్నారు కదా, అది సైడ్ వాల్వు ఇంజను, వాల్వులు సిలిండరు పక్కన నిలబడి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి వెళ్ళిన బళ్ళలో మ్యాచ్‌లెస్ జీ3ఎల్, ట్రయంఫ్ 3హెచ్‌డబ్ల్యూ, ఏరియల్ వాళ్ళ బండి, ఇవన్నీ ఓవర్ హెడ్ వాల్వువి, అంటే వాల్వులు హెడ్డులోనే ఉంటాయి, 350 సీసీ తరగతివి. పైగా ఆ మ్యాచ్‌లెస్‌కి ముందు టెలిస్కోపిక్, అంటే గొట్టాల ఫోర్కు. కాబట్టి అవి కావు. సైడ్ వాల్వు 500లలో ఎక్కువ కనబడేవి రెండే: నార్టన్ 16హెచ్, బీఎస్ఏ ఎం20. రెండూ బర్మింగ్‌హామ్‌లోనే తయారయ్యాయి, నార్టన్ బ్రేస్‌బ్రిడ్జ్ స్ట్రీట్‌లో, బీఎస్ఏ స్మాల్ హీత్‌లో. అంటే ఏదైనా సరే ఆ బండి మీ ఇంటి నుంచి కొద్ది మైళ్ళ దూరంలో పుట్టిందే.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు కూడా సైడ్ వాల్వు ఇచ్చారు గానీ అది 346 సీసీ, ఇంజను చూడగానే చిన్నదని తెలిసిపోతుంది.

ట్యాంకు మీద ఏం రాసి ఉన్నా పట్టించుకోవద్దు. ట్యాంకులు మారతాయి, రంగులు మారతాయి. నంబర్లు చూడండి. బీఎస్ఏ అయితే ఫ్రేము నంబరు ముందు, హ్యాండిల్ కింద ఫోర్కు తిరిగే తల దగ్గర ఎడమ పక్కన గుద్ది ఉంటుంది. ఇంజను నంబరు ఎడమ క్రాంక్‌కేసు (ఇంజను కింది భాగపు పెట్టె) మీద, సిలిండరు అడుగు కూర్చునే చోటికి సరిగ్గా కింద. అక్కడ దశాబ్దాల ఆయిలు, మట్టి కలిసి తారులా గట్టిపడి ఉంటుంది. వైర్ బ్రష్షు వాడొద్దు, గ్రైండరు దాని దగ్గరికే రానివ్వొద్దు. కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షు, గుడ్డ, అంతే. అక్షరాలు సరిగ్గా కనబడకపోతే సుద్దముక్క రుద్దండి, లేదా పల్చటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా పెట్టి గీయండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద గీసినట్టు.

డబ్ల్యూఎం20 అని మొదలైతే యుద్ధం కోసం చేసిన ఎం20. యుద్ధానికి ముందువాటికి వేరే అక్షరాలు, 1939 బండికి కేఎం20. యుద్ధం అయ్యాక జనానికి అమ్మినవి ఎక్స్, వై, జడ్ అక్షరాలతో వచ్చాయి. ఇంకో మాట, ఇంజను నంబరు, ఫ్రేము నంబరు ఒకటే కాకపోతే కంగారుపడకండి. ఆ కాలపు బీఎస్ఏలో ఫ్యాక్టరీలోనే రెండూ వేరు, పైగా సైన్యం వర్క్‌షాపుల్లో ఇంజన్లు ఒక బండివి ఇంకో బండికి ఎక్కించేసేవాళ్ళు.

నంబరుతో పాటు కొలత కూడా తీయండి. సైడ్ వాల్వు హెడ్డు తీయడం తేలిక, దాంట్లో కదిలేవేమీ ఉండవు. హెడ్డు తీసి బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, కొలవండి. నార్టన్ 16హెచ్‌కి 79 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టను పైనుంచి కిందికి దిగే దూరం, 100, మొత్తం 490 సీసీ. ఎం20కి బోరు 82, స్ట్రోకు 94, మొత్తం 496. రీబోరు చేసి, అంటే అరిగిన సిలిండరుని కాస్త వెడల్పు చేసినా, 79 బోరు 82 దాకా వెళ్ళదు, కాబట్టి అక్కడే తేలిపోతుంది.

ఎం20 గురించి నాలుగు ముక్కలు. వాల్ పేజ్ గీసిన డిజైను, 1937 మోడళ్ళతో బయటికొచ్చింది. 13 హార్స్ పవర్, అంతే. వేగం కోసం పుట్టిన బండి కాదు, బురదలో, ఎడారిలో, ఏ పెట్రోలు పోసినా నడవాలని చేసిన బండి. యుద్ధం మొత్తానికి లక్షా ఇరవై ఆరు వేల దాకా చేశారు, అప్పట్లో సైన్యానికి మరే మోటారు సైకిలూ అన్ని చేయలేదు. 1940 నవంబరు 19 రాత్రి జర్మన్ బాంబులు స్మాల్ హీత్ ఫ్యాక్టరీ మీద పడి లోపల పనిచేస్తున్న 53 మంది చనిపోయారు. ఆ తర్వాత కూడా అక్కడ బళ్ళు చేస్తూనే ఉన్నారు. మీ ఇంట్లో ఉన్నది ఎం20 అయితే ఒక్కసారి ఆ వైపు వెళ్ళి చూసి రండి.

రంగు సంగతి. ట్యాంకు మీద ఎవరికీ కనబడని చోట, రూపాయి బిళ్ళంత మేర, సన్నటి వాటర్ పేపర్‌తో తడిపి నెమ్మదిగా రుద్దండి. తడిపే రుద్దాలి, పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడి దుమ్ము పీల్చకూడదు. పొర తర్వాత పొర వలయాల్లా బయటపడతాయి. మట్టిరంగు గోధుమ కనబడితే 1942 ప్రాంతం, ఆలివ్ ఆకుపచ్చ అయితే 1944 తర్వాత. నిగనిగలాడే ముదురు ఆకుపచ్చ యుద్ధం అయిపోయాక సైన్యం వేసింది.


సోలిహల్_సుధీర్:

వాసు గారూ, శనివారం క్యాన్సిల్ చేశాను. మీరు చెప్పకపోయి ఉంటే ఏమయ్యేదో.

రెండు సాయంత్రాలు కిరసనాయిలు, టూత్‌బ్రష్షు పట్టుకుని కూర్చున్నాను. ఫ్రేము నంబరు శుభ్రంగా దొరికింది, డబ్ల్యూఎం20, తర్వాత అంకెలు. అంటే ఫ్రేము బీఎస్ఏదే!

ఇంజను దగ్గర చిక్కొచ్చింది. ఎం, దాని పక్కన 2 కనబడుతున్నాయి. వాటికి ముందు ఉండాల్సిన అక్షరం, తర్వాత ఉండాల్సిన అంకె రెండూ లేవు. ఎవరో ఉలితోనో స్క్రూడ్రైవరుతోనో బారెల్ (సిలిండరు) లేపడానికి అక్కడే ఆనించి కొట్టినట్టున్నారు, అల్యూమినియం లోతుగా చెక్కుకుపోయి ఉంది. పెన్సిలు గీత కూడా పనిచెయ్యలేదు.

హెడ్డు తీశాను. రాగి గ్యాస్కెట్టు చెక్కుచెదరకుండా వచ్చింది. పిస్టను మధ్యలో ఎక్కడో ఆగి ఉంది, చుట్టూ ఎర్రటి తుప్పు ఉంగరం. బోరు 82 మీద అర మిల్లీమీటరు ఎక్కువ వచ్చింది.

రంగు: ట్యాంకు అడుగున రుద్దాను. నలుపు కింద ముదురు ఆకుపచ్చ, దాని కింద గోధుమ. ట్యాంకు పక్కన నల్లరంగు ఒకచోట పొలుసులా లేచిపోయి ఉంటే లైటు ఏటవాలుగా వేసి చూశాను. తెల్లగా ఒక సి, పక్కన 4 లాంటిది. అక్కడితో చెయ్యి తీసేశాను, ఇంక ముట్టుకోలేదు.


లెస్టర్_వాసు:

చెయ్యి తీసేసి చాలా మంచి పని చేశారు. ఆ సి నంబరుని నిదానంగా, నెలలు పట్టినా సరే, తర్వాత బయటికి తీద్దాం.

బోరు 82 అంటే నార్టన్ కాదు, ఇక ఆ అనుమానం వద్దు. ఆ అర మిల్లీమీటరు రీబోరు, పిస్టను మీద +20 అని గుద్ది ఉంటుంది చూడండి, అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై అన్నమాట, అది దాదాపు అర మిల్లీమీటరే.

కానీ ఇంజను ఎం20 అని ఇంకా అనలేం. దీనికి ఒక అన్న ఉన్నాడు, ఎం21. బోరు అదే 82, స్ట్రోకు మాత్రం 112, మొత్తం 591 సీసీ. సైడ్‌కారు లాగడానికి చేసింది. ఏఏ వాళ్ళు, అంటే రోడ్డు మీద బండి ఆగిపోతే వచ్చి బాగుచేసే ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్ళు, పసుపురంగు సైడ్‌కార్లతో 1960లలో కూడా వీటినే తిప్పారు. అలా తీసేసిన ఎం21 ఇంజన్లు ఎన్నో ఎం20 ఫ్రేముల్లోకి ఎక్కాయి. మీ నంబరులో 2 తర్వాత అంకె పోయింది కాబట్టి స్ట్రోకు కొలిస్తేనే తెలుస్తుంది. స్ట్రోకు కొలవాలంటే పిస్టను కదలాలి.


కాకినాడ_సూరిబాబు:

తమ్ముడూ, కిక్కు మీద నిలబడి తొక్కుదామా అని అడిగావు చూడు, అది మాత్రం చెయ్యకు. పట్టేసిన ఇంజను కిక్కుతో వదలదు, కిక్కు పళ్ళే రాలిపోతాయి, లేదంటే కనెక్టింగ్ రాడ్డు ఒంగుతుంది. మా నాన్నగారు జగన్నాథపురంలో ముప్ఫై ఏళ్ళు మెకానిక్కు. యుద్ధం తర్వాత సైన్యం వదిలేసిన బళ్ళు మన దేశంలోనూ చాలా మిగిలిపోయాయి, డిస్పోజల్ బళ్ళు అనేవారు, ఆయన కుర్రప్పుడు వాటి మీదే పని నేర్చుకున్నారు. నాకు చెప్పింది ఒకటే మాట, ఇనుముకి టైము ఇవ్వరా, బలం ఇవ్వకు అని.

హెడ్డు ఎలాగూ తీశావు. ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు, ఎసిటోన్ సమానంగా కలిపి పిస్టను మీద పొయ్యి. తలుపులు తీసిపెట్టి చెయ్యి, ఎసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో మంట గానీ హీటరు గానీ ఉండకూడదు. రోజూ చూసి ఇగిరిపోయినంత మళ్ళీ పొయ్యి. వారం, పది రోజులు, నెల కూడా పట్టొచ్చు. తర్వాత బండిని టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు, ఊయల ఊపినట్టు, ఒక పక్కకే నెట్టకు. టాప్ గేరులో చక్రం నుంచి ఇంజను మీద పడే బలం నీ చేతికి తెలుస్తూ ఉంటుంది, అందుకే ఏదీ విరగదు. కావాలంటే గట్టి చెక్కముక్క పిస్టను మధ్యలో పెట్టి చిన్న సుత్తితో తట్టు. కొట్టడం కాదు, తట్టడం.

పానాల విషయం. నీ దగ్గరున్న మిల్లీమీటరు పానాలతో ఈ బండి మీద చెయ్యి వెయ్యకు. వీటి నట్లు విట్‌వర్త్ కొలతవి. పానా మీద 1/4 అని ఉంటే అది బోల్టు లావు, నట్టు వెడల్పు కాదు. ఆ నట్టు వెడల్పు 13.3 మిల్లీమీటర్లు వస్తుంది, 13 పానా ఎక్కదు, 14 పానా జారి మూలలు అరగదీస్తుంది. మూలలు అరిగిన నట్టుని చూస్తే మా నాన్నకి ఎక్కడలేని కోపం వచ్చేది. పాత పానాల సెట్టు ఒకటి మీ దగ్గర ఆటోజంబుల్ అనే పాత బళ్ళ సామాన్ల సంతల్లో దొరుకుతుందని విన్నాను, ముందు అది కొను. విప్పిన ప్రతి నట్టూ మళ్ళీ దాని బోల్టుకే ఎక్కించి డబ్బాలో వెయ్యి. ఫోన్లో ఫోటోలు తీస్తూ ఉండు.

ఇంజను కదిలాక వెంటనే స్టార్ట్ చెయ్యాలని తొందరపడొద్దు. దీనికి ఆయిలు ట్యాంకు వేరుగా ఉంటుంది, పంపులో ఒక చిన్న గోళీ ఆయిల్ని ఆపాలి. అది అరిగితే బండి ఊరికే నిలబడి ఉన్నా ట్యాంకులో ఆయిలంతా క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. అడుగు తెరిచి అదంతా వదిలేసి, కొత్త ఆయిలు పొయ్యి, 40 గానీ 50 గానీ ఒకే గ్రేడు ఆయిలు చాలు. మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు ఆయిలు ట్యాంకు మూత తీసి లోపలికి చూడు, తిరిగొచ్చే గొట్టంలోంచి ఆయిలు చిమ్ముతూ కనబడాలి. నిమిషంలో కనబడకపోతే ఇంజను ఆపెయ్.

మాగ్నెటో, అంటే ప్లగ్గుకి నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చేది, దాని గురించి ఒక దెబ్బ తిన్న అనుభవం. లోపల తీగ చుట్టకి పాతకాలపు లక్క పూత ఉంటుంది. ఏళ్ళు గడిచాక వేడికి అది మెత్తబడి కారి, చుట్టూ అతుక్కుపోతుంది. నేను నా బండి మాగ్నెటోని ఒక వర్క్‌షాపుకి పంపాను, పైపైన శుభ్రం చేసి పంపేశారు. చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే స్టార్ట్ అయ్యేది, పది కిలోమీటర్లు వెళ్ళి వేడెక్కాక ఆగిపోయేది, గంటసేపు చల్లారాక మళ్ళీ మామూలే. రెండేళ్ళు కార్బురేటరునే తిట్టుకున్నాను. చివరికి తీగ తిరిగి చుట్టించి కండెన్సరు మార్చాక కుదిరింది. నువ్వు ముందే రీవైండింగ్ చేయించుకో.

సెట్టింగులు రాసిపెట్టుకో: ఇన్లెట్ వాల్వు గ్యాపు అంగుళంలో వెయ్యో వంతులు 10, ఎగ్జాస్టు 12, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. ఇగ్నిషన్ (నిప్పురవ్వ పడే సమయం) పూర్తి అడ్వాన్సులో, పిస్టను పైకి చేరడానికి 7/16 అంగుళం ముందు.

పాత క్లచ్చు ప్లేట్లు, బ్రేకు షూలు ఎయిర్‌తో ఊదకు. ఆ కాలపువాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ముప్పు. తడిగుడ్డతోనే తుడువు.


నార్తాంప్టన్_లత:

సుధీర్ గారూ, బండి సంగతి వీళ్ళు చూసుకుంటారు, నేను కాగితాల సంగతి చెప్తాను, ఎందుకంటే టైము తక్కువుంది. ఆవిడ ఇల్లు ఖాళీ చేసేలోపు మీరు రెండు పనులు చెయ్యాలి. ఒకటి, ఫ్రేము నంబరు వేసి, ఇంత డబ్బు తీసుకుని ఈ బండి ఫలానా వారికి ఇచ్చానని ఆవిడ సంతకంతో ఒక కాగితం. రెండోది ఇంకా ముఖ్యం, పాత ఫోటోల ఆల్బం చూపించమనండి. బండి పక్కన ఆయన నిలబడి దిగిన ఫోటో ఒక్కటి దొరికి నంబరు ప్లేటు కనబడితే, దానికి తోడు పాత లాగ్‌బుక్కు (బండి రిజిస్ట్రేషన్ పుస్తకం) గానీ, ట్యాక్సు రసీదు గానీ ఏ డ్రాయరులోనైనా ఉంటే, డీవీఎల్ఏలో (ఇక్కడి బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసు) వీ765 పద్ధతి కింద అదే పాత నంబరు తిరిగి అడగొచ్చు. కాగితం సాక్ష్యం లేకపోతే అది రాదు. అప్పుడు ఓనర్స్ క్లబ్బు వాళ్ళతో బండి వయసు ధ్రువీకరించే లెటరు తీసుకుని వీ55/5 ఫారంతో అప్లై చేస్తే ఆ కాలానికి తగ్గ నంబరు ఇస్తారు. నలభై ఏళ్ళు దాటింది కాబట్టి హిస్టారిక్ తరగతిలో రోడ్డు ట్యాక్సు కట్టక్కర్లేదు, పెద్ద మార్పులు చెయ్యకపోతే ఎంఓటీ అనే ఏటా ఫిట్‌నెస్ పరీక్ష కూడా అక్కర్లేదు. ఎంఓటీ అక్కర్లేకపోయినా నేనైతే ఏటా బ్రేకులు వేరేవాళ్ళతో చూపిస్తాను.

పెట్రోలు పోసేటప్పుడు ఈ5 సూపర్ (ఎథనాల్ 5 శాతం దాకానే) పోయండి. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10 (ఎథనాల్ 10 శాతం దాకా) అయింది, బండి నెలల తరబడి నిలబడితే ఆ ఎథనాల్ నీటిని పీల్చుకుని ట్యాంకుని తుప్పు పట్టిస్తుంది, పాత రబ్బరు గొట్టాల్ని ఉబ్బిస్తుంది.


బెజవాడ_కరీం:

లత గారూ, మన దగ్గర కూడా 2021లో వింటేజ్ బళ్ళకి వేరే రిజిస్ట్రేషన్ వచ్చింది, యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉంటే వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు, కొత్తగా అయితే ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, కానీ రోజువారీ తిరగడానికి కాదు. మా బాబాయి గారి ఎం20కి అదే ప్రయత్నంలో ఉన్నాం.

సుధీర్ భాయ్, నాది ఒక్కటే మాట. ఇంత కష్టపడి చేసి ఆ నల్లరంగుతో వదిలేస్తావా? శుభ్రంగా ఆలివ్ ఆకుపచ్చ వేయించి, సి నంబరు తిరిగి రాయించి, పక్కన మిలిటరీ సంచులు తగిలిస్తే రోడ్డు మీద జనం ఆగి చూస్తారు.


లెస్టర్_వాసు:

కరీం గారూ, ఆ మోజు నాకూ ఉండేది, నా బండి ఇప్పుడు అలాగే ఉంది, అందంగానే ఉంది. కానీ సుధీర్ బండి యుద్ధంలో నాలుగైదేళ్ళు ఉందేమో, ఆ పెద్దాయన చేతిలో మాత్రం అంతకు ఎన్నో రెట్లు ఉంది. ఏ సంవత్సరానికి తిరిగి తీసుకెళ్దాం దాన్ని? గోధుమరంగు పోతే పచ్చ, పచ్చ పోతే నలుపు, ఇవన్నీ దాని మీద నిజంగా జరిగినవి. నా బండి మీద ఉన్న రంగు నేను డబ్బాలో కొన్నది.


సోలిహల్_సుధీర్:

అప్‌డేట్. మూడు వారాలు పట్టింది.

లత గారు చెప్పినట్టే ఆల్బం అడిగాను. ఒక ఫోటో దొరికింది, కుర్రాడు బండి మీద, వెనక ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని కూర్చున్నారు, నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది. డ్రాయరులో పాత లాగ్‌బుక్కు కూడా ఉంది, నంబరు అదే. రెండూ నాకే ఇచ్చేశారు, ఫోటో మాత్రం కాపీ తీయించి అసలుది తిరిగి ఇచ్చాను.

ఇది బీఎస్ఏ అండీ, నార్టన్ కాదు అని కాస్త మొహమాటంగానే చెప్పాను. ఆవిడ నవ్వి, నాకు తెలుసు బాబూ అన్నారు. ఆయనకి నార్టనే కావాలని ఉండేదట. డబ్బు సరిపోక ఆ వేలంలో ఇది కొని, ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రమే వంటింటి బల్ల మీద ట్యాంకు పెట్టుకుని, తెల్లరంగు డబ్బా తెచ్చి ఆ పేరు తనే రాసుకున్నారట. చివరిదాకా నార్టన్ అనే పిలిచారట. కరీం భాయ్, అందుకని రంగు జోలికి వెళ్ళను. ట్యాంకు లోపలి తుప్పు మాత్రం తీస్తాను, బయట మైనం రాసి వదిలేస్తాను.

ఇంజను: సూరిబాబన్నా, ఇరవై రోజులు రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక వెళ్ళి పోశాను, చక్రం ఊపాను. ఏమీ లేదు, ఏమీ లేదు. నిన్న రాత్రి ఊపుతుంటే చేతికి తేడా తెలిసింది, టార్చి వేసి చూస్తే తుప్పు ఉంగరం పక్కన వెంట్రుకంత మెరిసే గీత. పిస్టను దిగింది. ఇంకో గంట అలాగే ముందుకీ వెనక్కీ, చీమ నడిచినట్టు, చివరికి ఒక పూర్తి చుట్టు తిరిగింది. మా ఆవిడని నిద్రలేపి చూపించాను, తను ఫోను లైటు పట్టుకుంటే కొలిచాను. పైన ఒకసారి, పూర్తిగా కిందికి దిగాక ఒకసారి, తేడా 94. అనుమానం తీరక మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ 94.

ఎం20 అండీ. పిస్టను మీద +20 కూడా కనబడింది.

ఎగ్జాస్టు వాల్వు తెరుచుకునే ఇరుక్కుపోయి ఉంది, తర్వాత దాని పని. ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా సైడ్ వాల్వుకి పనికొచ్చే స్ప్రింగు కంప్రెసర్ (వాల్వు స్ప్రింగుని నొక్కి పట్టే పనిముట్టు) ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను.